పీబీహెచ్ లెక్క: ఎఫ్ ఒకసారి 10⁻³¹, ఒకసారి 10⁹ వస్తోంది. తప్పెక్కడ?

కోట_జంక్షన్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్ పిల్లల ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను. ఇన్‌ఫ్లేషన్ కాలంలో (విశ్వం తొలి క్షణంలో అతివేగంగా సాగిన దశలో) పుట్టిన సాంద్రత హెచ్చుతగ్గులు తర్వాత కూలిపోయి ఆదిమ కృష్ణబిలాలు (ఇకపై పీబీహెచ్ అంటాను) అయ్యుంటే, డార్క్ మ్యాటర్ (కంటికి కనబడక, గురుత్వం వల్లే తెలిసే పదార్థం) మొత్తం అవే కావచ్చా అన్నది అంశం. ఇన్‌ఫ్లేషన్‌ని ‘ద్రవ్యోల్బణం’ అని మాత్రం రాయొద్దని పిల్లలకి చెప్పాను. ఆ మాట ధరల పెరుగుదలకి స్థిరపడిపోయింది.

చేసింది ఇదీ. ఒకే స్కేలార్ ఫీల్డు (ప్రతిచోటా ఒక్క అంకెతో చెప్పగల క్షేత్రం), దాని శక్తి గీత అయిన పొటెన్షియల్‌లో ఒకచోట దాదాపు చదునుగా ఉండే మలుపు. స్లో-రోల్ ఫార్ములాతో, అంటే పొటెన్షియల్ ఘనాన్ని దాని వాలు వర్గంతో భాగించి, పవర్ స్పెక్ట్రమ్ (ఏ సైజు తరంగంలో హెచ్చుతగ్గులు ఎంత బలంగా ఉన్నాయో చూపే గీత) గీశాం. 10²⁰ గ్రాముల బిలాలు వచ్చే చోట పీక్ పెట్టాం. గాసియన్ తోక (గంట ఆకారపు సంభావ్యత గీత అంచు), కూలే హద్దు 0.45 (సాంద్రత హెచ్చుతగ్గు ఇంత దాటితే బిలం), ప్రెస్-షెక్టర్ పద్ధతి (హద్దు దాటిన తోకని కూడి బిలాల వాటా తీయడం), చివర రెండుతో గుణించడం. పీక్ ఎత్తు 0.005 ఉన్నప్పుడు ఎఫ్, అంటే డార్క్ మ్యాటర్‌లో పీబీహెచ్‌ల వాటా, 10⁻³¹ వచ్చింది. పొటెన్షియల్‌లో ఒక గుణకాన్ని ఐదో దశాంశంలో కదిపితే పీక్ 0.045 అయింది, ఎఫ్ 10⁹కి ఎగిరింది. వాటా ఒకటి దాటకూడదు కదా. ఇంకొంచెం కదిపితే పీక్ అనంతానికే పోతోంది. తప్పు ప్రోగ్రాంలో ఉందా, ఫిజిక్స్‌లో ఉందా? మామూలు లాప్‌టాప్ మీద పైథాన్‌తో అయ్యే దారి చెప్పండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

మాస్టారూ, తోక లెక్క తప్పలేదు. చేత్తోనే సరిచూడొచ్చు.

రేడియేషన్ కాలంలో సాంద్రత హెచ్చుతగ్గు, వక్రత హెచ్చుతగ్గులో 4/9 వంతు. కాబట్టి సిగ్మా (హెచ్చుతగ్గుల సగటు పరిమాణం) వర్గం అంటే పీక్ ఎత్తుని 16/81తో గుణించడమే, ఉరామరిగా. ఎత్తు 0.005 అయితే సిగ్మా 0.0314. హద్దు 0.45ని దానితో భాగిస్తే 14.3. అంటే బిలం పుట్టాలంటే 14 సిగ్మాల అవతల ఉన్న ఘటన జరగాలి. ఎత్తు 0.045 అయితే సిగ్మా 0.094, భాగఫలం 4.8. గాసియన్ తోకలో 14.3కీ 4.8కీ మధ్య సంభావ్యత 10⁴⁰ రెట్లు తేడా. మీకు వచ్చిన రెండు ఎఫ్‌ల మధ్య తేడా కూడా అంతే. ప్రోగ్రాం చెప్పాల్సిందే చెప్తోంది.

ఇక ఎఫ్ సరిగ్గా 1 కావాలంటే ఎంత కావాలో చూడండి. పుట్టిన క్షణంలో విశ్వంలోని శక్తిలో ఎంత వాటా బిలాలుగా కూలిందో దాన్ని బీటా అంటాం. దాని ఫార్ములా: బీటా ≈ 3.7×10⁻⁹ × ఎఫ్ × (సూర్యుడి లెక్కలో ద్రవ్యరాశి) వర్గమూలం. ఇందులో హొరైజన్ (అప్పటికి కాంతి చేరగల హద్దు) లోపలి ద్రవ్యరాశిలో 0.2 వంతు బిలం అవుతుందని అనుకున్నాం. అప్పటి కణ రకాల లెక్క 106.75 కాబట్టి (106.75/10.75) నాలుగో మూలంతో, అంటే 1.78తో కూడా గుణించాలి. 10²⁰ గ్రాములంటే 5×10⁻¹⁴ సూర్య ద్రవ్యరాశి. బీటా 1.5×10⁻¹⁵ వస్తుంది. అది 8 సిగ్మా. పీక్ ఎత్తు 0.016.

ఇంత చిన్న బీటాతో డార్క్ మ్యాటర్ మొత్తం ఎలా వస్తుందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. విశ్వం సాగేకొద్దీ రేడియేషన్ సాంద్రత స్కేలు నాలుగో ఘాతంతో పలచబడుతుంది, బిలాల సాంద్రత మూడో ఘాతంతోనే. వాటా స్కేలుతో పాటు పెరుగుతూ పోతుంది. 10²⁰ గ్రాముల బిలం పుట్టేది దాదాపు 10⁻¹⁸ సెకన్ల దగ్గర. అప్పటి ఉష్ణోగ్రతని శక్తి లెక్కలో చెప్తే నాలుగైదు లక్షల జీఈవీ (కణాల శక్తి కొలమానం), జెనీవా దగ్గరి కణ త్వరణి ఎల్‌హెచ్‌సీ ఢీకొట్టే శక్తికి 30 రెట్లు. అక్కణ్ణుంచి రేడియేషన్, పదార్థం సమానమయ్యే ఘడియ దాకా (రెడ్‌షిఫ్ట్ 3400 దరిదాపు) విశ్వం 10¹⁵ రెట్లకు పైగా సాగింది. బీటాని దానితో గుణిస్తే ఒకటి దగ్గరికి వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. 8 సిగ్మా దగ్గర నిలబడి సిగ్మాని 10 శాతం పెంచండి. బిలాల సంఖ్య దాదాపు 300 రెట్లు పెరుగుతుంది. 10 శాతం తగ్గిస్తే 2000 రెట్లు పడిపోతుంది. వంశధారలో సగటు నీటిమట్టం జానెడు పెరిగితే ఏటా వచ్చే వరదలో తేడా పెద్దగా తెలియదు, గట్టు మీంచి పొర్లే వరదలు మాత్రం ఎన్నో రెట్లు అవుతాయి. ఇక్కడా అంతే. అందుకని ‘ఈ మోడల్ ఎఫ్ ఇంత ఇస్తుంది’ అని పిల్లల చేత రాయించకండి. ‘ఎఫ్ 1 కావాలంటే ఈ మోడల్‌లో పీక్ ఇంత ఉండాలి’ అని తిరగేసి రాయించండి. ఆ అంకె గట్టిగా నిలబడుతుంది.

పీక్ అనంతానికి పోవడం మాత్రం వేరే రోగం.

బొబ్బిలి_వీణ

ఆ రోగం పేరు స్లో-రోల్ ఫార్ములా. కోట జంక్షన్ గారూ, మీరు వాలుతో భాగిస్తున్నారు. చదును చోట వాలు సున్నా. అనంతం రాక ఏమవుతుంది?

కానీ ఫీల్డు అక్కడ ఆగదు. తొక్కడం ఆపిన సైకిలు చదును రోడ్డు మీద వచ్చిన ఊపుతో ఎలా సాగుతుందో అలా సాగుతుంది. విశ్వ విస్తరణే దానికి ఘర్షణ. వేగం స్కేలు ఘనానికి విలోమంగా పడిపోతుంది, ఎప్సిలాన్ (వేగం వర్గంలో సగం) ఆరో ఘాతానికి విలోమంగా. దీన్నే అల్ట్రా స్లో-రోల్ అంటారు. పవర్ స్పెక్ట్రమ్ ఎప్సిలాన్‌కి విలోమం కాబట్టి ఒక్కో ఈ-ఫోల్డుకి (విశ్వం e, అంటే 2.718 రెట్లు సాగేసరికి) e⁶, అంటే 400 రెట్లు పెరుగుతుంది. సీఎంబీలో (తొలి విశ్వం నుంచి మిగిలిన మైక్రోవేవ్ వెలుగులో) కొలిచిన ఎత్తు 2.1×10⁻⁹. మనకి కావలసింది 10⁻². దాదాపు కోటి రెట్లు. 10⁷ లాగరిథమ్ 16, ఆరుతో భాగిస్తే 2.7. చదును మీద ఫీల్డు 2.7 ఈ-ఫోల్డులు ఉంటే చాలు. ఇంకో అర ఈ-ఫోల్డు ఎక్కువుంటే పీక్ 20 రెట్లు పెరుగుతుంది. మీ ఐదో దశాంశం కదిలించేది ఆ అర ఈ-ఫోల్డునే.

లెక్క ఇలా కట్టండి. తగ్గించిన ప్లాంక్ ద్రవ్యరాశిని 1 అనుకోండి. కాలానికి బదులు ఈ-ఫోల్డుల సంఖ్యని వాడండి. ఫీల్డు వేగం మారే రేటు = మైనస్ (3 − ఎప్సిలాన్) × (వేగం + వాలు ÷ పొటెన్షియల్). హబుల్ (విస్తరణ రేటు) వర్గం = పొటెన్షియల్ ÷ (3 − ఎప్సిలాన్). ఎప్సిలాన్ 1 అయ్యేదాకా నడపండి, ఇన్‌ఫ్లేషన్ అక్కడితో అయిపోయింది. ఇది ఒక్క సెకనులో అయ్యే పని.

తర్వాత ఒక్కో తరంగానికి వక్రత సమీకరణం: రెండో అవకలనం + (3 − ఎప్సిలాన్ + ఎప్సిలాన్2) × మొదటి అవకలనం + (కె ÷ ఏహెచ్) వర్గం × వక్రత = 0. కె అంటే తరంగ సంఖ్య, ఏహెచ్ అంటే స్కేలు × హబుల్. ఎప్సిలాన్2 అంటే ఎప్సిలాన్ లాగరిథమ్ ఈ-ఫోల్డుకి మారే రేటు. చదును మీద అది మైనస్ 6. బ్రాకెట్ విలువ 3 − 6 = మైనస్ 3 అవుతుంది చూడండి. పట్టి ఆపాల్సిన ఘర్షణ వెనక నుంచి తోస్తుంది. హొరైజన్ దాటి (పొడవు విస్తరణ హద్దుని మించి) గడ్డకట్టాల్సిన తరంగం అందుకే పెరుగుతుంది. పిల్లల చేత ఈ ఒక్క పదాన్ని ఈ-ఫోల్డుల మీద గీయించండి, కథంతా అందులో కనబడుతుంది.

సాధారణంగా దెబ్బతినే చోట్లు ఇవి.

ఒకటి, సైపైలో (పైథాన్ గణిత లైబ్రరీ) ఐవీపీ సాల్వర్ని (solve_ivp, అవకలన సమీకరణాల్ని నడిపేది) డీఫాల్ట్ మీద వదిలేయడం. దాని సాపేక్ష సహనం (rtol, ఒప్పుకునే దోషం) 10⁻³, నిరపేక్ష సహనం (atol) 10⁻⁶. మన వక్రత విలువలు 10⁻⁶ కంటే ఎంతో చిన్నవి. సాల్వర్ దృష్టిలో అంతా సున్నా, దోషం లేనట్టే లెక్క. జవాబు నున్నగా, అందంగా వస్తుంది, పూర్తిగా తప్పుగా వస్తుంది. మొదలుపెట్టేటప్పుడు వక్రతని దాని ఆరంభ విలువతో భాగించి 1 చేసుకోండి, చివర తిరిగి గుణించండి. సాపేక్ష సహనం 10⁻¹⁰, నిరపేక్ష సహనం అంతకంటే ఇంకా చిన్నది పెట్టండి.

రెండు, హొరైజన్ దాటగానే ఆపేయడం. మామూలు స్లో-రోల్‌లో అది చెల్లుతుంది. ఇక్కడ చదునుకి ముందే హొరైజన్ దాటిన తరంగాలు కూడా చదును మీద మారిపోతాయి. ఆ తరంగాల్లోనే ఒకచోట స్పెక్ట్రమ్ గుంటలా పడిపోతుంది, స్థిరంగా ఉండే భాగం, పెరిగే భాగం ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల. గుంట కనబడలేదంటే మీరు ముందే ఆపేశారన్నమాట. ప్రతి తరంగాన్నీ చదును దాటాక ఇంకో నాలుగైదు ఈ-ఫోల్డుల దాకా నడపండి.

మూడు, మరీ ముందు నుంచి మొదలుపెట్టడం. హొరైజన్ లోపల తరంగం విపరీతంగా ఊగుతుంది, సాల్వర్ గంటలు తింటుంది. కె విలువ ఏహెచ్‌కి 100 నుంచి 150 రెట్లు ఉన్నప్పుడు, అంటే దాటడానికి సుమారు 5 ఈ-ఫోల్డుల ముందు, బంచ్-డేవీస్ స్థితితో (ఖాళీ ప్రదేశపు సహజ క్వాంటమ్ స్థితి) మొదలుపెడితే చాలు. వాస్తవ భాగం, కల్పిత భాగం విడివిడిగా నడపండి.

కె విలువలు లాగ్ స్కేలులో 200 తీసుకోండి, గుంట చుట్టూ దట్టంగా. గుంట నుంచి పీక్‌కి ఎక్కే వాలు కె నాలుగో ఘాతం దరిదాపు ఉంటే లెక్క దారిలో ఉన్నట్టే. ఇంత కంటే నిటారుగా మామూలు ఒకే ఫీల్డు మోడళ్లలో ఎక్కదని బర్న్స్, కోల్, పాటిల్ 2018లో చూపించారు.

కోట_జంక్షన్

వీణ గారూ, మీరన్నట్టు చేశాం. సహనం దగ్గరే మోసపోయాం. ఇప్పుడు గుంట కనబడుతోంది, పీక్ 0.016 దగ్గర నిలిచింది. కానీ సీఎంబీ దగ్గర స్పెక్ట్రల్ సూచిక (స్పెక్ట్రమ్ వాలు, 1 అంటే చదును) 0.94 వస్తోంది. ప్లాంక్ ఉపగ్రహం కొలత 0.965 కదా. పీక్ సరిచేస్తే ఇటు చెడుతోంది, ఇటు సరిచేస్తే పీక్ పోతోంది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అది మీ ప్రోగ్రాం తప్పు కాదు, ఈ తరగతి మోడళ్లన్నిటికీ ఉన్న చిక్కు.

ద్రవ్యరాశి నుంచి కె లెక్క: 30 సూర్య ద్రవ్యరాశులకి కె 2.9×10⁵ (మెగాపార్సెక్‌కి), ద్రవ్యరాశి వర్గమూలానికి విలోమంగా మారుతుంది. 10²⁰ గ్రాములకి సుమారు 6×10¹². సీఎంబీ కొలిచే చోటు 0.05. రెండింటి నిష్పత్తి లాగరిథమ్ 32 పైచిలుకు. అంటే సీఎంబీ తరంగాలు దాటిన 32, 33 ఈ-ఫోల్డులకే ఫీల్డు చదును మీదికి వచ్చేయాలి. మామూలు పీఠభూమి పొటెన్షియల్‌లో సూచిక = 1 − 2/ఈ-ఫోల్డులు. ఇన్‌ఫ్లేషన్ 57 ఈ-ఫోల్డులు ఉందని మీరు అనుకున్నా, సీఎంబీ తరంగాలకి ‘ముగింపు’లా కనబడేది చదునే. 1 − 2/33 = 0.939. మీకు వచ్చింది అదే.

పీక్‌ని చిన్న ద్రవ్యరాశి వైపు జరిపితే కొంచెం ఊరట. 3×10¹⁷ గ్రాములకి వెళ్తే ఇంకో మూడు ఈ-ఫోల్డులు కలిసొస్తాయి, సూచిక 0.944. చాలదు. పొటెన్షియల్‌లో ఇంకో పదం చేర్చి సీఎంబీ ప్రాంతపు ఆకారాన్ని చదును నుంచి విడదీయడం ఒక దారి. రెండు ఫీల్డులు పెట్టుకోవడం ఇంకో దారి. హైబ్రిడ్ ఇన్‌ఫ్లేషన్‌తో గార్సియా-బెల్లిదో, లిండే, వాండ్స్ 1996లోనే ఈ పని చేశారు. 2025లో వచ్చిన అటకామా టెలిస్కోప్ ఫలితాల్ని మిగతా డేటాతో కలిపితే సూచిక 0.974 దగ్గరికి వెళ్తోంది. నిజానికి అది ఈ మోడళ్లని ఇంకా బిగిస్తుంది. రిపోర్టులో 0.94ని దాచకండి. ‘మా మోడల్ ఇక్కడ ఓడింది, కారణం ఇదీ’ అని రాస్తే అది మంచి రిపోర్టు.

కళింగపట్నం_దీపం

పీక్ 10²⁰ గ్రాముల దగ్గరే ఎందుకు పెట్టారో కూడా పిల్లలకి తెలియాలి. మిగతా చోట్లన్నీ దాదాపు మూసుకుపోయాయి కాబట్టి.

కింది వైపు: హాకింగ్ 1974లో చెప్పిన ఆవిరి. 5×10¹⁴ గ్రాముల బిలం ఈపాటికి ఆవిరైపోవాలి. దానికంటే బరువైనవి ఇప్పటికీ ఉన్నా, 10¹⁷ గ్రాముల లోపువి గామా కిరణాలు, పాజిట్రాన్లు వెదజల్లుతూ దొరికిపోతాయి. గామా నేపథ్యం, గెలాక్సీ నడిబొడ్డు నుంచి వచ్చే 511 కేఈవీ గీత, సౌర కవచం దాటాక వాయేజర్-1 కొలిచిన ఎలక్ట్రాన్లు, మూడూ అదే మాట చెప్తున్నాయి. 10²⁰ గ్రాముల బిలం మటుకు సేఫ్. దాని ఉష్ణోగ్రత 12 లక్షల కెల్విన్లు, వినడానికి భయంగా ఉంటుంది కానీ సైజు ఒక అణువంత. మొత్తం వెలుగు వాట్‌లో పదో వంతు కూడా ఉండదు.

పై వైపు: మైక్రోలెన్సింగ్. వెనక నక్షత్రం, మధ్యలో బిలం, ఇటు మనం ఒక వరసకి వస్తే నక్షత్రం కాసేపు వెలిగి తగ్గుతుంది. పిల్లలకి అరసవల్లి చెప్పండి. సూర్యుడు రోజూ ఉదయిస్తాడు, కానీ కిరణం మూలవిరాట్టు పాదాల మీద పడేది మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులే. గోపుర ద్వారం, మండపం, సూర్యుడు వరసకి రావాలి. అక్కడ ద్వారం కదలదు కాబట్టి తేదీ ముందే తెలుసు. బిలం ఎటు నుంచి వస్తుందో తెలియదు. అందుకే లక్షల నక్షత్రాల్ని ఒకేసారి కనిపెట్టుకుని కూర్చోవాలి.

ఓజీఎల్ఈ అనే మైక్రోలెన్సింగ్ సర్వే బృందం, పక్కనున్న చిన్న గెలాక్సీ లార్జ్ మెజిలానిక్ క్లౌడ్‌ని 20 ఏళ్లు చూసి 2024లో తేల్చింది: సూర్యుడికి 1.8×10⁻⁴ నుంచి 6.3 రెట్ల బరువున్నవి డార్క్ మ్యాటర్‌లో ఒక శాతం మించవు, 1.3×10⁻⁵ నుంచి 860 రెట్ల దాకా పది శాతం మించవు. ఇంకా చిన్నవాటికి సుబారు టెలిస్కోప్ 2014 నవంబరులో ఒకే రాత్రి, ఏడు గంటలు, రెండు నిమిషాలకొకటి చొప్పున ఆండ్రోమెడా గెలాక్సీ ఫొటోలు తీసింది. ఒకే ఒక్క అనుమానాస్పద మెరుపు దొరికింది. డార్క్ మ్యాటర్ అంతా ఆ బరువు బిలాలే అయితే ఎన్నో దొరకాలి.

సుబారు ఎందుకు ఇంకా కిందికి దిగలేదన్నది ముఖ్యం. సుమారు 10²² గ్రాముల దగ్గర రెండు అడ్డంకులు ఒకేసారి తగులుతాయి. బిలం కటక వలయం (అది కాంతిని వంచే వలయం) నక్షత్రపు బింబం కంటే చిన్నదైపోతుంది, కాబట్టి బింబంలో కొంత భాగమే వెలుగుతుంది. పైగా బిలం సైజు కాంతి తరంగదైర్ఘ్యం కంటే చిన్నదై, కాంతి దాని చుట్టూ వంగే బదులు పట్టించుకోకుండా దాటిపోతుంది. మొదట్లో ఈ రెండూ లెక్కలోకి తీసుకోకుండా గీసిన గ్రాఫులు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి, వాటిలో కింది, పై హద్దుల మధ్య మిగిలిన ఖాళీ కూడా మూసేసినట్టు కనబడుతుంది. గామా విస్ఫోటాల ఫెమ్టోలెన్సింగ్ (చిన్న బిలాలు గామా కిరణాల్ని వంచడం) హద్దు కూడా అంతే. మూలం సైజు లెక్కేసరికి 2018లో ఆ హద్దు ఎగిరిపోయింది. పాత గ్రాఫు కాపీ చేసే ముందు ఏడాది చూడండి.

కాబట్టి మిగిలింది 10¹⁷ నుంచి 10²², 10²³ గ్రాముల దాకా ఉన్న కిటికీ. గ్రహశకలాల బరువు.

గురుత్వ తరంగాల పరికరం లైగోకి దొరికే 30 సూర్య ద్రవ్యరాశుల బిలాల సంగతి అడుగుతారు. 2015 సెప్టెంబరు 14 నాటి మొదటి సంకేతం రాగానే అవే డార్క్ మ్యాటర్ అన్న ఉత్సాహం వచ్చింది. కానీ డార్క్ మ్యాటర్ అంతా అవే అయితే కలయికలు కనబడుతున్న వాటికంటే ఎన్నో రెట్లు జరగాలి. వెయ్యో వంతు దరిదాపే అనుమతి ఉంది.

టెక్కలి_బీఎస్సీ

సార్, చిన్న డౌటు. అలాంటి బిలం మన భూమిలోంచి వెళ్తే తెలుస్తాదా? ఎన్నాళ్లకి ఒకటి వెళ్తాది?

కళింగపట్నం_దీపం

మంచి డౌటు తమ్ముడూ, లెక్క వేసి చూద్దాం. మన చుట్టూ డార్క్ మ్యాటర్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 0.4 జీఈవీ, గ్రాముల్లో 7×10⁻²⁵. అంతా 10²⁰ గ్రాముల బిలాలే అయితే నెప్ట్యూన్ కక్ష్య పట్టే గోళంలో ఏ క్షణమైనా రెండో మూడో ఉంటాయి. సెకనుకి 250 కిలోమీటర్ల వేగం అనుకో. సంఖ్యా సాంద్రతని వేగంతో, భూమి అడ్డుకోతతో గుణిస్తే భూమిని తాకేది దాదాపు 14,000 కోట్ల ఏళ్లకి ఒకటి. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే. 10¹⁷ గ్రాములవి అయితే సంఖ్య వెయ్యి రెట్లు, 14 కోట్ల ఏళ్లకి ఒకటి.

బరువు అంచనా కావాలంటే: ఇదే 10²⁰ గ్రాములు మామూలు రాయిగా ఉంటే వ్యాసార్ధం 20 కిలోమీటర్లకు పైనే, శ్రీకాకుళం నుంచి మా కళింగపట్నం సముద్రం దాకా ఇంచుమించు. అదంతా ఒక అణువులో పట్టేసింది. అందుకే తాకడం కోసం ఎదురుచూడకుండా, పక్కనుంచి పోయేటప్పుడు లాగే లాగుడు కోసం వెతకాలి. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ కైజర్ బృందం 2024లో చూపింది అదే: సౌర కుటుంబం లోపలి భాగంలోంచి బిలం దూసుకుపోతే కొన్నేళ్లలో అంగారకుడి కక్ష్య మీటరు దాకా జరుగుతుంది. అంగారకుడి దూరం మనకి 10 సెంటీమీటర్ల మెరుగుతో తెలుసు. మామూలు గ్రహశకలాల లాగుడు నుంచి దాన్ని విడదీయడమే అసలు కష్టం.

బొబ్బిలి_వీణ

నాగావళి గారి మాటకి ఒక సవరణ. 8 సిగ్మా అన్నది గాసియన్ తోకని నమ్మితేనే. చదును మీద ఫీల్డు వాలు మీద జారడం కంటే క్వాంటమ్ కుదుపులకే ఎక్కువ కదిలితే తోక ఎక్స్‌పొనెన్షియల్ అవుతుంది. అది గాసియన్ కంటే చాలా నెమ్మదిగా పడిపోతుంది. అప్పుడు అదే ఎఫ్‌కి తక్కువ పీక్ చాలు. ఇంకో వైపు, వక్రతకీ సాంద్రతకీ ఉన్న సంబంధం సరళరేఖ కాదు. అసలు సాంద్రత = సరళ విలువ − 3/8 × దాని వర్గం. దీన్ని కలిపితే కావలసిన పీక్ పెరుగుతుంది. హద్దు 0.45 అన్నది కూడా వేదం కాదు. కార్ 1975లో 1/3 అన్నారు, తర్వాతి సంఖ్యా లెక్కల్లో ముద్ద ఆకారాన్ని బట్టి 0.4 నుంచి 2/3 దాకా వస్తుందని తేలింది. ఏ హద్దు వాడితే దానికి తగ్గ విండో ఫంక్షనే (సాంద్రతని ఎంత ప్రాంతం మీద సగటు తీయాలో చెప్పేది) వాడాలి. ఒక పేపర్లోంచి హద్దు, ఇంకో పేపర్లోంచి విండో తెచ్చి కలపడం ఈ ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే తప్పు.

బిలాలన్నీ ఒకే బరువు కూడా కావు. హద్దుని ఎంత దాటిందో దాని 0.36వ ఘాతంతో బరువు మారుతుంది, కాబట్టి చిన్నవాటి వైపు ఒక తోక ఉంటుంది. జీడిపప్పు గ్రేడు చేసినట్టు డబ్బాలుగా పంచి లెక్కించాలి. పీక్ కిటికీ అంచున పెట్టారంటే ఆ తోక గామా కిరణాల హద్దులోకి పోయి మొత్తం మోడల్‌ని చెడగొడుతుంది.

ఇక ఇంకా తెగని వాదం ఒకటుంది. 2022లో క్రిస్టియానో, యొకొయామా ఒక లూప్ సవరణ (క్వాంటమ్ ప్రభావం వల్ల చేరే అదనపు పదం) లెక్కించి, చిన్న స్కేలు పీక్ అంత పెద్దదైతే అది సీఎంబీ స్కేలునే చెడగొడుతుందని, ఒకే ఫీల్డుతో పీబీహెచ్ కుదరదని అన్నారు. మరుసటి ఏడాదే ఆంటోనియో రియోట్టో, చదును నుంచి బయటికి వచ్చే మలుపు నున్నగా ఉంటే ఆ సవరణ అణిగిపోతుందని బదులిచ్చారు. అందుకని పొటెన్షియల్‌లో మలుపులు ముక్కలు అతికించినట్టు కాకుండా నున్నగా పెట్టండి. సాల్వర్‌కీ అదే మంచిది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

సవరణ ఒప్పుకుంటున్నాను. అందుకే బిలాల్ని లెక్కపెట్టడం కంటే గురుత్వ తరంగాల్ని వినడం మీద నాకు నమ్మకం ఎక్కువ.

పీక్ అంత ఎత్తున ఉంటే ఆ హెచ్చుతగ్గులు రెండో క్రమంలో గురుత్వ తరంగాల్ని పుట్టిస్తాయి. బిలం పుట్టినా పుట్టకపోయినా అవి పుడతాయి. పౌనఃపున్యం = 1.55×10⁻¹⁵ హెర్ట్జ్ × కె. మన 6×10¹²కి 0.01 హెర్ట్జ్ వస్తుంది. లీసా (రాబోయే అంతరిక్ష గురుత్వ తరంగాల పరికరం) చెవి సరిగ్గా అక్కడే ఉంటుంది. మూడు వ్యోమనౌకలు, ఒక్కో భుజం 25 లక్షల కిలోమీటర్లు. యూరప్ అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో ఆమోదించింది, ప్రయోగం 2035లో అనుకుంటున్నారు. తరంగాల శక్తి వాటా పీక్ వర్గంతో పోతుంది: 10⁻⁵ × (10⁻²) వర్గం, అంటే 10⁻⁹ దరిదాపు. లీసా దానికి ఎన్నో రెట్లు కిందికి వినగలదు.

సిగ్మా 10 శాతం తగ్గితే బిలాలు 2000 రెట్లు పోయాయి కదా. గురుత్వ తరంగాలు పోయేది మూడో వంతు మాత్రమే. తోక గాసియన్ అయినా కాకపోయినా, హద్దు 0.41 అయినా 0.5 అయినా ఈ సంకేతం అంతగా చలించదు. లీసాకి అక్కడ ఏమీ వినబడకపోతే, గాసియన్ హెచ్చుతగ్గులు కూలి పుట్టిన ఈ కిటికీ బిలాలే మొత్తం డార్క్ మ్యాటర్ అన్న మాట వదులుకోవాల్సిందే.

2023 జూన్‌లో పల్సార్ల (క్రమం తప్పకుండా సంకేతాలిచ్చే నక్షత్రాల) స్పందనల్ని కొలిచే బృందాలు ప్రకటించిన నానోహెర్ట్జ్ సంకేతంతో దీన్ని కలపొద్దు. ఆ ఫలితాల్లో పుణె దగ్గరి రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీతో మన ఇన్‌పీటీఏ అనే పల్సార్ బృందం చేసిన పరిశీలనలూ ఉన్నాయి, పిల్లలకి చెప్పండి. కానీ ఆ పౌనఃపున్యం సూర్యుడి బరువు దరిదాపు బిలాలది, మన కిటికీది కాదు.

కోట_జంక్షన్

మూడు రోజులుగా ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ దండాలు. ఆఖరి ప్రశ్న. రిపోర్టులో ఒకే గ్రాఫుకి చోటుంది. ఏది గీయించమంటారు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అడ్డంగా పీక్ ఎత్తు, 0.005 నుంచి 0.045 దాకా, లాగ్ స్కేలు. ఎడమ వైపు నిలువు అక్షం మీద ఎఫ్, కుడి వైపు గురుత్వ తరంగాల వాటా, రెండూ లాగ్ స్కేలులో. ఎఫ్ గీత 40 పదుల ఘాతాలు నిట్టనిలువుగా లేస్తుంది, తరంగాల గీత రెండు పదుల ఘాతాల లోపే నెమ్మదిగా ఎక్కుతుంది. ఎఫ్ = 1 దగ్గర ఒక అడ్డ గీత గీయండి. ఎఫ్ గీతని హద్దు 0.41కి, 0.45కి, 0.5కి మూడుసార్లు గీయించండి. అడ్డ గీతని మూడూ వేర్వేరు చోట్ల కోస్తాయి. ఒక్కో చోట పీక్ ఎత్తు ఎంతో ఆ మూడు అంకెలూ గ్రాఫు కిందే రాయించండి.